పూనా ఇటుకలవాడు – ముఖమును దిద్దు శస్త్రవిద్య

మన వార్షిక మహాసభల సంచికలను శ్రద్ధతో చదువువారికి ఒక వాక్యము చిరపరిచితము. "ప్లాస్టిక్ సర్జరీ యను విద్యను లోకమునకు నేర్పినవారు మన కుమ్మరులే" యన్నది ఆ వాక్యము. ఈ యేడు మహాసభ తాండూరున జరుగుచున్నందున, ఈ ప్రాంతమున చిరకాలము ఉపాధ్యాయుడనై యుండి విశ్రాంతి పొందుచున్న నన్ను, ఆ వాక్యమునే విస్తరించి యొక వ్యాసముగా వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు కోరిరి. సంతోషముతో నంగీకరించితిని. అంతలో జరిగిన యొక సంగతి నా వ్యాసమునకు వేఱొక దారి చూపినది.

రెండు మాసముల క్రిందట నా పూర్వశిష్యుడొకడు మా యింటికి వచ్చెను. అతనికి రెండెకరముల కందిచేను కలదు. కుమార్తె డిగ్రీ ముగించినది. పెండ్లిచూపులకు వచ్చినవారొకరు "పిల్ల దవడ వెడల్పు" అని వెడలిపోయిరట. నాటినుండి ఆ బిడ్డ అద్దము విడువదట. నగరములో దవడయెముకను తగ్గించి ముఖమును కోలగా చేయుదురని విని, ఒక యెకరము అమ్మవచ్చునా యని యడుగుటకు అతడు వచ్చెను. "సారూ, ఇది మనవాళ్లే కనిపెట్టిన విద్య అని మన పుస్తకంలనే రాసిన్రు గదా, భయం లేదు గదా?" అనెను. మన సంచికలోని యొక వాక్యము ఒక తండ్రి పొలము నమ్ముకొనుటకు ఆధారమగునని నేనెన్నడును తలంపలేదు. కావున ఈ విద్యనుగూర్చి మనకు నిజముగా తెలిసినదెంత, ఈ విద్య నిజముగా చేయగలిగినదెంత యను రెండు ప్రశ్నలను ఒకేచోట విచారింప దలచితిని.

సుశ్రుతుని పాఠము

సుశ్రుతసంహిత కాలమును గూర్చి పండితులలో నేకాభిప్రాయము లేదు. ఆ గ్రంథము పలుతరముల చేతులలో పెరిగినదని మాత్రము చెప్పవచ్చును. అందు సూత్రస్థానమున 16వ అధ్యాయము చెవులు కుట్టు విధానముతో మొదలగును. బరువైన కుండలములవలనను, కొట్లాటలవలనను చెవితమ్మెలు తెగిపోవుట నాటివారికి సామాన్యమైన యాపద. తెగిన తమ్మెల నతుకుటకు 15 విధములైన సంధానములను చెప్పి, ఆ పిమ్మట గ్రంథకర్త ముక్కుయొద్దకు వచ్చును.

ఆ విధానమిది. ముక్కు కొలతకు సరిపోవు నొక యాకును తీసికొని, ఆ ప్రమాణమున చెంపనుండి చర్మమును, ఒకవైపు శరీరమునకు అంటియుండునట్లుగనే, కోయవలెను. ముక్కు మొదలును గీరి, దానిపై నీ చర్మమును చేర్చవలెను. ఊపిరి యాడుటకై రెండు గొట్టములను లోపల నిలుపవలెను. పతంగము, అతిమధురము, అంజనము చూర్ణము చేసి చల్లి, తెల్లని దూదితో కప్పి, నువ్వులనూనెతో తడుపుచుండవలెను. గొట్టములు తప్ప తక్కిన విధానమెల్ల తెగిన పెదవికిని చెల్లునని యచ్చటనే చెప్పబడినది. చదువరులు ఈ పెదవి మాటను జ్ఞాపకముంచుకొన గోరెదను. వ్యాసాంతమున దానితో నాకు పని కలదు.

9వ అధ్యాయమున శిష్యుడు చేయవలసిన యభ్యాసము వర్ణింపబడినది. కోతను గుమ్మడి, సొర, దోస మొదలగు కాయలపై నేర్వవలెను. చెవి నతుకుటను మెత్తని తోలుమీదను, మాంసఖండములమీదను, కలువతూండ్లమీదను నేర్వవలెను. ఎనిమాతో సమానమైన బస్తికర్మను, నీళ్లు నిండిన కుండకు ప్రక్కనుండు రంధ్రమున నేర్వవలెను. సుశ్రుతుని పాఠశాలకు ఆ కుండలను చేసి యిచ్చిన దెవరో నేను చెప్ప నక్కఱలేదు. శాస్త్రమెంత చదివినను, చేతితో నభ్యసింపనివాడు శస్త్రకర్మకు తగడని ఆ యధ్యాయము యొక్క తాత్పర్యము.

పూనా వృత్తాంతము

గ్రంథమునుండి ఇక చరిత్రకు వత్తము. 1790 నుండి 1792 వఱకు జరిగిన మూడవ మైసూరు యుద్ధమున ఆంగ్లేయులు, పీష్వా, హైదరాబాదు నిజాము ఒక పక్షమున నుండిరి. టిప్పు సుల్తాను రెండవ పక్షమున నుండెను. ఆంగ్లసైన్యమున ఎడ్లు తోలు కవాస్‌జీ యనువాడు టిప్పు సైనికులకు బందీగా చిక్కెను. వారతని ముక్కును, ఒక చేతిని కోసి విడిచిపెట్టిరి. సంవత్సరమునకు పైగా అతడు ముక్కు లేకయే యుండెను. ఆ పిమ్మట పూనా సమీపమున నొకడు అతనికి క్రొత్త ముక్కును కట్టెను. థామస్ క్రూసో, జేమ్స్ ఫిండ్లే యను ఇరువురు ఆంగ్లవైద్యులు ఆ పద్ధతిని కన్నులార చూచిరి. జేమ్స్ వేల్స్ అను చిత్రకారుడు కవాస్‌జీ ముఖమును చిత్రించెను. ఈ వృత్తాంతము 1794 అక్టోబరులో లండనునందలి "జెంటిల్‌మన్స్ మ్యాగజైన్" అను పత్రికలో ప్రచురింపబడినది.

అందు వర్ణింపబడిన పద్ధతి మన వృత్తివారికి సులభముగా బోధపడును. మొదట పలుచని మైనపురేకుతో ముక్కు ఆకారమును మోడుమీద తీర్చి చూతురు. ఆ రేకును చదునుచేసి నుదుటిపై పఱచి, చుట్టును గీత గీయుదురు. ఆ గీత మేరకు నుదుటిచర్మమును కోయుదురు. కాని కన్నుల నడుమ సన్నని తొడిమవంటి భాగమును మాత్రము కోయక విడుతురు. ఆ తొడిమ ద్వారా నెత్తురు ప్రవహించుచుండుటచేత చర్మము చావదు. దానిని సగము త్రిప్పి క్రిందికి దించి, ముక్కు మోడు చుట్టును చేసిన గాటులో అంచుల నిమిడ్తురు. సూది దారముల ప్రసక్తియే ఆ వృత్తాంతమున లేదు. తమలపాకులో వేసికొను కాచును నీటితో మెదిపి, గుడ్డపేలికలకు పూసి, అయిదాఱు పేలికలను ఒకదానిపై నొకటి యంటింతురు. నాలుగు దినములు కట్టు విప్పరు. ఆ పిమ్మట నేతిలో తడిపిన గుడ్డలు వేయుదురు. పదవనాడు ముక్కుపుటములు మూసికొనిపోకుండ మెత్తని గుడ్డముక్కలను పెట్టుదురు. సుమారు 25వ దినమున తొడిమను కోసివేయుదురు.

ఇక మన వాక్యమునకు మూలమైన మాట యిది: ఆ పత్రిక ఈ శస్త్రకారుని "ఇటుకలు చేయు కులమువాడు" అని మాత్రమే చెప్పినది. మహారాష్ట్రమున ఇటుకలను, పెంకులను, కుండలను చేయువారిలో కుంభారులు ముఖ్యులు గావున, తరువాతి రచయితలు అతనిని కుంభారుడనిరి. ఈ యూహ యుక్తియుక్తమే. కాని యూహ యూహయే. సుశ్రుతుడు చెంపచర్మమును చెప్పెను. పూనావాడు నుదుటిచర్మమును వాడెను. కావున ఆతడు గ్రంథమును చదివి చేసెననుటకును, గ్రంథసంప్రదాయమే తరతరములుగా ఆతని చేతికి వచ్చెననుటకును ఆధారము చాలదు. మఱియు ఈ విద్య యొక్క కులమువారి సొత్తు గాదు. హిమాలయప్రాంతమున కాంగ్డాలో ముక్కులు కట్టు కుటుంబములుండెను. మన తెలుగునేలపై గడ్డలు కోసి పుండ్లు మాన్పినవారు తఱచుగా మంగలివారు. అందుచేత "ఈ విద్య మాది" యనుట తగదు. "ఈ విద్యలో మన వృత్తివాని చేయికూడ నున్నట్లు తోచుచున్నది" యనుట తగును. ఇది చిన్న గౌరవము గాదు.

ఇందు నన్ను బాధించు విషయము వేఱొకటి. ముక్కు పోయినవాని పేరు మనకు తెలియును. చూచిన వైద్యుల పేర్లు తెలియును. బొమ్మ వ్రాసినవాని పేరు తెలియును. చేసినవాని పేరు మాత్రము ఏ పత్రికయు వ్రాయలేదు, అతడును వ్రాసికొనలేదు. మన కులమున బుట్టినదని ప్రసిద్ధిగాంచిన ఆతుకూరి మొల్ల రామాయణమును వ్రాసెను గావున ఆమె పేరు నేటికిని పిల్లల పాఠములలో నున్నది. పూనావాని విద్యయు తక్కువది గాదు. అది వ్రాతకెక్కలేదు, అంతియే భేదము.

సముద్రము దాటిన విద్య

ఐరోపాలోను ముక్కు కట్టు ప్రయత్నము లేకపోలేదు. బొలోనా నగరమున తగ్లియాకోజ్జి యను వైద్యుడు భుజచర్మముతో ముక్కును కట్టు పద్ధతిని 1597లో గ్రంథముగా ప్రకటించెను. రోగి చేతిని ముఖమునకు కట్టుకొని వారములతరబడి యుండవలసిన పద్ధతి యది. పిమ్మట వాడుక తప్పినది. 1794 నాటి పత్రికను చదివిన లండను శస్త్రవైద్యుడు జోసెఫ్ కార్ప్యూ, ముందు మృతదేహములపై నభ్యసించి, 1814 అక్టోబరు 23వ తేదీన నుదుటిచర్మముతో నొక సైనికాధికారికి ముక్కు కట్టెను. అట్టి రెండు చికిత్సల వృత్తాంతమును 1816లో ప్రకటించెను. బెర్లినులో గ్రేఫె 1818లో మఱియొక గ్రంథము వ్రాసెను. నుదుటిచర్మముతో ముక్కును కట్టుట ఈనాటికిని శస్త్రవైద్యులు వాడు పద్ధతియే. దానికి "భారతీయ పద్ధతి" యను పేరు నిలిచినది.

మొదటి ప్రపంచయుద్ధమున గుండ్లదెబ్బకు ముఖములు పోయిన సైనికులకై ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో 1917లో ఆసుపత్రి తెఱవబడెను. హెరాల్డ్ గిలీస్ అను వైద్యుడు అచ్చట చర్మమును గొట్టమువలె చుట్టి, ఒక కొనను శరీరమునకు అంటియుంచి, కొంచెము కొంచెముగా ముఖమునకు చేర్చెను. పూనావాని తొడిమ సూత్రమే యిది: నెత్తురు దారి తెగరాదు. 1967లో రోము నగరమున జరిగిన శస్త్రవైద్యుల సభలో, ఫ్రాన్సు దేశీయుడైన పాల్ టెస్సియే, పుఱ్ఱెతో గూడ ముఖపుటెముకలను కోసి క్రొత్తచోట కూర్చిన చికిత్సలను చూపెను. చర్మమునుండి విద్య ఎముకకు దిగినది. నేడు దవడను, గడ్డమును, చెంపయెముకను దిద్దు చికిత్సలు ఈ మార్గమున వచ్చినవే.

హైదరాబాదు నేర్పిన పాఠము

ముఖపుటెముకలను ఇట్లు కోసి కూర్చుట రోగికి స్మృతి యుండగా మిక్కిలి దుష్కరము. 1846లో బోస్టనులో ఈథరును, 1847లో ఎడింబరోలో క్లోరోఫారమును వాడుకలోనికి వచ్చిన పిమ్మట అది సుకరమైనది. ఈ మత్తుమందు చరిత్రలో మన హైదరాబాదునకును స్థానము కలదు. మన చర్చకు పనికివచ్చు నీతియు కలదు.

హైదరాబాదు వైద్యపాఠశాలకు అధిపతియైన ఎడ్వర్డ్ లారీ యాజమాన్యమున 1888లోను, 1889లోను రెండు క్లోరోఫారం కమిషనులు జరిగినవి. వానికి నిజాము ప్రభుత్వము ద్రవ్యమిచ్చెను; రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధవైద్యుడు వచ్చెను. క్లోరోఫారము గుండెను తిన్నగా నాపదనియు, ఊపిరిని గమనించుచుండిన చాలుననియు కమిషను నిర్ణయించెను. హైదరాబాదు పేరు లోకమంతట మ్రోగెను. కాని 1911లో గుడ్‌మన్ లెవీ యను శాస్త్రజ్ఞుడు, తేలికమత్తులో క్లోరోఫారము గుండెను హఠాత్తుగా నాపగలదని ప్రయోగముతో చూపెను. పరిశోధన చేయించిన నగరముయొక్క గౌరవము దానివలన తగ్గలేదు. కాని మన నగరపు నిర్ణయమను నభిమానముతో దానినే పట్టుకొని కూర్చున్న వైద్యుని చేతిలో రోగికి క్షేమము లేదు. అభిమానము వేఱు, ప్రమాణము వేఱు.

నేడు సాధ్యమైనది, కానిది

నా శిష్యుని ప్రశ్నకు ఇప్పుడు వత్తము. ముఖమును దిద్దు చికిత్సలు స్థూలముగా మూడు తెఱగులు. పోయినదానిని మరల నిచ్చుట మొదటిది: ప్రమాదమున నలిగిన దవడ, కాలిన చర్మము, కేన్సరువలన తీసివేసిన భాగము. పుట్టుకతో వచ్చిన లోపమును, నమలుటకు గాని ఊపిరికి గాని పలుకునకు గాని అడ్డమగు వంకరను సరిచేయుట రెండవది. పనికి లోపము లేని ముఖమును కోరిన రూపమునకు దిద్దుట మూడవది. మూడవది పాపమని నేననను. కాని మొదటి రెండింటి యవసరమును చూపి మూడవదానిని కొనిపించుట తగదు.

దవడ వెడల్పుగా కన్పట్టుటకు ఎముకయే కారణము కానక్కఱలేదు. నమలు కండరము బలియుటయు, క్రొవ్వును కారణములు కావచ్చును. స్కానింగు చేసి కారణమును నిశ్చయింపక కత్తి పట్టరాదు. ఎముకయే కారణమైనచో, తఱచుగా నోటి లోపలినుండియే కోసి, దవడమూలను తగ్గింతురు. గడ్డమును ముందుకో వెనుకకో జరిపి చిన్నపలకలతోను మేకులతోను బిగింతురు. క్రింది దవడయెముక లోపలినుండి యొక నరము పోవును. క్రింది పెదవికిని గడ్డమునకును స్పర్శ దానివలననే. అది దెబ్బతిన్నచో తిమ్మిరి కొన్ని మాసములుండవచ్చును, కొందఱికి శాశ్వతముగా నుండిపోవచ్చును. రక్తస్రావము, చీము, రెండువైపులు సమముగా లేకపోవుట, ఎముక తగ్గినచోట చర్మము వదులై జాఱుట అను నపాయములును గలవు. ఎముక అతుకుటకు వారములు పట్టును. వాపు పూర్తిగా తీసి నిజరూపము తెలియుటకు ఆఱు మాసములకు పైగా పట్టవచ్చును. ఎదుగుదల ముగియని పిల్లలకు ఈ చికిత్స సాధారణముగా చేయరు. లోపమేమియు లేని తన ముఖమునే ద్వేషించి పగలెల్ల అద్దము చూచుకొను మనోవ్యాధి యొకటి కలదు. అట్టివారికి శస్త్రచికిత్స తఱచుగా శాంతి నీయదు, మనోవైద్యుని సలహాయే ముందు.

తాండూరు నాపరాయిని ఎన్నిసార్లయినను కోసి నునుపు చేయవచ్చును. తప్పిపోయినచో మఱియొక బండ తెచ్చుకొందుము. సారెమీది పచ్చిమట్టియు అట్టిదే. ముఖమున ఒకసారి తీసివేసిన యెముక తిరిగిరాదు. పూనావాడు చర్మమును ముట్టకముందే మైనముతో కొలత చూచుకొనుటలోని వివేకమంతయు ఇదియే.

ఆ బిడ్డతో మాటలాడితిని. నమలుటకు కష్టమున్నదా యనగా లేదనెను. ఆ సంబంధము రాకముందు ఈ తలంపు ఉండెనా యనగా, లేదనెను. "అమ్మా, నిర్ణయము నీది. ఆఱు మాసములాగుము. అప్పటికిని కోరిక యుండినచో నర్హతగల శస్త్రవైద్యులనిద్దఱిని వేర్వేఱుగా చూచి, లాభముతోపాటు నష్టమునుగూడ చెప్పుమని యడుగుము" అంటిని. ఎకరము ఇప్పటికి అమ్మబడలేదు.

మన కర్తవ్యము

ఇక జ్ఞాపకముంచుకొనుమని కోరిన పెదవి మాట. 1980వ దశకమున నేను పనిచేసిన పల్లెపాఠశాలలో మన కులపు బాలుడొకడు గ్రహణపు మొఱ్ఱితో నుండెను. పై పెదవి చీలి ముక్కుదాక పోయినది. తల్లి గ్రహణమునాడు కదిలినందువలన నట్లయినదని ఊరివారనిరి. అది నిజము గాదు. గర్భమున ముఖభాగములు కలిసికొను తొలిమాసములలోనే ఆ చీలిక యేర్పడును. తోడి పిల్లలు వెక్కిరించుటచేత ఆ బాలుడు వెనుక గోడకానుకొని కూర్చుండెడివాడు. శ్లోకము చెప్పుమనిన నోరు తెఱువడు. ఏడాది తిరుగకముందే బడి మానెను. ఆనాటికి నేను సుశ్రుతుని పెదవి సంధానమును చదివియుంటిని. ఆ పంక్తి నోటికి వచ్చును. నగరములోని పెద్ద ఆసుపత్రులలో ఆ చికిత్స జరుగుచుండెను. 1874 నుండి తాండూరు మీదుగా హైదరాబాదునకు రైలు నడచుచునే యున్నది. ఆ బాలుని ఒకనాడు ఆ రైలెక్కించి తీసికొనిపోవలెనని నాకు తోచలేదు. నేను చదివిన చదువులో ఇంతకంటె పెద్ద లోపమును నేనెఱుగను.

నేడు మొఱ్ఱిపెదవిని సాధారణముగా మూడు నుండి ఆఱు మాసముల వయస్సులో సరిచేయుదురు. అంగిలి చీలికను మాటలు వచ్చుటకు సాయపడునట్లు సుమారు ఏడాది వయస్సులో సరిచేయుదురు. వయస్సు మీఱినవారికిని చికిత్స కలదు. ధర్మసంస్థల సాయముతో ఉచితముగా చేయు ఆసుపత్రులు మన రాష్ట్రమున గలవు.

కావున మహాసభకు నా విన్నపములు రెండు. మొదటిది: ప్రతి గ్రామశాఖయు మొఱ్ఱిపెదవి, కాలినగాయముల ముడుతలు, ప్రమాదముల వికృతి గల పిల్లల పేర్లు వ్రాసికొని, కులభేదము లేక, వారిని చికిత్సకు చేర్చవలెను. పెండ్లిచూపులలో బిడ్డల దవడలు కొలుచు పద్ధతిని మనము మొదట మానవలెను. రెండవది: సారెను, ఆవమును, ఇటుకబట్టీని ఎఱిగిన వృద్ధుల విద్యను వారి పేర్లతో, ఊర్లతో సహా వ్రాయించి భద్రపఱుపవలెను. పూనావానికి జరిగినట్లు మఱియొకనికి జరుగరాదు.

సంపాదకవర్గమువారు ఇకముందు ఆ పాత వాక్యమును ప్రకటించునప్పుడు "మన వృత్తివాడని తోచు నొక పేరు తెలియని శస్త్రకారుడు" అని దిద్దుకొనవలెనని కోరుచున్నాను.